చేలోనే మొదలయ్యే కుళ్లు

ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో తిరిగితే ఊరి పేరు చూడకుండానే అక్కడ ఉల్లి పండుతోందని తెలిసిపోతుంది. కోడుమూరు, గోనెగండ్ల, సి.బెళగల్, గూడూరు, దేవనకొండ, ఏ దారిన పోయినా రోడ్డు పక్కన పట్టాలు కప్పిన రాశులు కనబడతాయి. పట్టా ఎత్తితే వెచ్చటి ఆవిరి ముఖానికి కొడుతుంది. ఆ ఆవిరిలో పచ్చి ఉల్లి ఘాటుతో పాటు పులిసిన వాసన ఒకటి ఉంటుంది. ఆ వాసన పట్టిన రైతు ఇంక ధర కోసం ఆగడు. ఎంతొస్తే అంతకు లారీ ఎక్కించెయ్యాలని చూస్తాడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉల్లి అంటే ముందు కర్నూలే. అక్కడి పంటలో ఎక్కువ భాగం ఖరీఫ్‌ది. మే, జూన్‌లలో బోరు నీళ్లతో మొదలుపెట్టి, నైరుతి వానల్లో పెంచి, ఆ వానలు పూర్తిగా వెనక్కి తగ్గకముందే పీకేస్తారు. ఈ వేళల వెనక ఒక లెక్క ఉంది. మహారాష్ట్రలో వేసవిలో తీసి దాచిన ఉల్లి సెప్టెంబరు, అక్టోబరు నాటికి అడుగంటుతుంది. ఆ ఖాళీలో సరుకు దించినవాడికి మంచి రేటు. 2019 డిసెంబరులో క్వింటా పది వేల రూపాయలు దాటిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. కానీ మహారాష్ట్ర నిల్వలు అడుగంటని ఏడాది కూడా వస్తుంది. 2025 అట్లాంటిదే. ఆగస్టు, సెప్టెంబరులలో ధర వందల్లోకి జారింది. రాష్ట్ర ప్రభుత్వం క్వింటాకు 1,200 రూపాయలు ప్రకటించి కొనుగోలుకు దిగింది, తర్వాత హెక్టారుకు 50 వేల రూపాయల సాయం ప్రకటించింది.

ఇట్లాంటి ఏడాది వచ్చిన ప్రతిసారీ ఒకే డిమాండ్ పైకి వస్తుంది: గోదాములు కట్టండి, ఉల్లి దాచుకునే వసతి ఇవ్వండి. న్యాయమైన డిమాండే. ధర లేనప్పుడు ఒక్క నెల ఆగగలిగితే చాలా కుటుంబాలు అప్పుల నుంచి బయటపడతాయి. అయితే ఈ మాటలో సగమే నిజం ఉంది. మిగతా సగం ఎవరూ గట్టిగా చెప్పడం లేదు కాబట్టి ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను. కుళ్లు గోదాములో పుట్టదు. చేలో పుట్టి, పీకే రోజున ముదిరి, సంచిలో బయటపడుతుంది. సెప్టెంబరు వానలో పీకిన పచ్చిమెడ ఉల్లిని ఎంత మంచి గోదాములో పోసినా అది కప్పు కింద కుళ్లుతుంది, అంతే తేడా.

నమ్మకం కుదరకపోతే ఒక గడ్డను కోసి చూడండి. వంటకు కోసినట్టు అడ్డంగా కాదు, మెడ నుంచి వేరు దాకా నిలువుగా. పైకి చూస్తే ఆ గడ్డకు ఏ లోపమూ ఉండదు. ఎర్రగా, గుండ్రంగా, పొట్టు మెరుస్తూ ఉంటుంది. నిలువుగా చీలిస్తే లోపల పొరలన్నీ తెల్లగా ఉండి, మధ్యలో ఒక్క పొర మాత్రం నీళ్లు నానినట్టు గోధుమరంగులో ఉంటుంది. దాని పక్క పొర బాగుంటుంది, అవతలి పొరా బాగుంటుంది. ఆ ఒక్కదాన్ని వేలితో ఒత్తితే జారిపోతుంది, ముక్కు దగ్గర పెడితే పులుపు వాసన. ఇంకో గడ్డలో పైపొట్టు తీస్తే మెడ చుట్టూ మసి రాలినట్టు నల్లటి పొడి, పొర మీద ఈనెల వెంబడి గీతలు గీతలుగా దిగి ఉంటుంది. మూడో గడ్డలో అడుగున వేర్లు ఊడి, ఆ చోట తెల్లటి బూజు.

ఒక్క పొరే ఎందుకు కుళ్లింది? ఉల్లిగడ్డలో ప్రతి పొరా ఒక ఆకు మొదలే. పైన పచ్చగా గొట్టంలా నిలబడిన ఆకు కిందికి దిగి, కండపట్టి, పొరగా మారుతుంది. కాబట్టి ఏ ఆకుకు దెబ్బ తగిలిందో, ఏ ఆకు గొట్టంలో వాననీరు నిలిచి మురిగిందో, ఆ కుళ్లు అదే ఆకు వెంట నేరుగా తన పొరలోకే దిగుతుంది. ఆ దారి మూతపడాల్సిన చోటు మెడ. పంట ముదిరి, కొత్త ఆకు రావడం ఆగి, కాడలు వాటంతటవే వాలిపోయి, మెడ ఎండి, తాడులా బిగుసుకుంటే లోపలికి దారి మూసుకుపోతుంది. మెడ పచ్చిగా, లావుగా ఉండిపోతే దారి తెరిచే ఉంటుంది. నిలవ ఉండే ఉల్లికీ ఉండని ఉల్లికీ ఉన్న తేడాలో పెద్ద పాలు ఈ అంగుళం మెడ దగ్గరే తేలిపోతుంది.

నల్లటి పొడిగా కనిపించేది ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు. ఇది ఎక్కడినుంచో రాదు. మట్టిలో ఉంటుంది, విత్తనం మీదా ఉంటుంది. 30 డిగ్రీల దగ్గరి వేడి, గాలిలో చెమ్మ, ఈ రెండూ దొరికితే రెచ్చిపోతుంది. పట్టా కప్పిన రాశి లోపల సరిగ్గా ఆ రెండే ఉంటాయి. పులుపు వాసనతో జారిపోయే కుళ్లు బాక్టీరియాది. దానికి దెబ్బ తగిలిన చోటో, పచ్చి మెడో కావాలి. అడుగు నుంచి వచ్చేది ఫ్యుసేరియం. ఏటా అదే చేలో ఉల్లి మీద ఉల్లి వేస్తే మట్టిలో పోగుపడుతుంది, ఏళ్ల తరబడి అక్కడే కాచుకుని ఉంటుంది. బోరున్న ఎకరం ఒక్కటే అయినప్పుడు మూడేళ్లపాటు ఆ నేలలో ఉల్లి మానెయ్యమని చెప్పడం సులభం. మానేసినవాడు ఆ మూడేళ్లూ ఏం తిని బతకాలో చెప్పేవాళ్లే కనబడరు.

ఇక పెంపకంలోకి వద్దాం. ముందు యూరియా. ఈ విషయంలో రైతును తిట్టడం చాలామందికి అలవాటు. అతను ఎందుకు చల్లుతాడో చూస్తే ఆ తిట్టు నోటికి రాదు. ఆగస్టులో నాలుగు రోజులు వాన పట్టిందనుకోండి. వేసిన నత్రజని నీళ్లతో పాటు కిందికి కొట్టుకుపోతుంది. చేను పసుపుబారుతుంది. పెట్టుబడంతా కళ్లముందే వెలిసిపోతున్నట్టు అనిపిస్తుంది. వాన తెరిపియ్యగానే ఇంకో బస్తా తెచ్చి చల్లుతాడు. వారంలో చేను మళ్లీ నల్లగా నిగనిగలాడుతుంది, గుండె కుదుటపడుతుంది. కానీ గడ్డ ఊరే దశ దాటి, పంట పక్వానికి రావాల్సిన సమయంలో అందిన ఆ నత్రజని మొక్కను మళ్లీ ఆకు పెట్టమంటుంది. కొత్త ఆకు మెడలోంచే రావాలి. మెడ లావెక్కుతుంది, గడ్డలో నీరు పెరుగుతుంది, పొట్టు పలచబడుతుంది. పుణె దగ్గర రాజగురునగర్‌లో ఉన్న ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ చెప్పే పద్ధతిలో నత్రజని మొత్తాన్ని నాటేటప్పుడు ఒక వంతు, 30 రోజులకు ఒక వంతు, 45 రోజులకు ఆఖరి వంతుగా ముగించాలి. ఆ తర్వాత వేసే ప్రతి గుప్పెడూ గడ్డ బరువును పెంచవచ్చు, ఆయుష్షును మాత్రం తగ్గిస్తుంది.

మరి బరువు పెంచేదాన్ని రైతు ఎందుకు వదులుకోవాలి? మార్కెట్ యార్డులో డబ్బు ఇచ్చేది బరువుకే, సైజుకే. పెద్ద గడ్డకు ఒక రేటు, మధ్యరకానికి ఒక రేటు, గోలీ సైజుకు అడిగేవాడే ఉండడు. రెండు నెలలు నిలవుండే గట్టి గడ్డకు అదనంగా పది రూపాయలు ఇచ్చే పద్ధతి ఈ వేలంలో లేనే లేదు. నిలవ గుణానికి ధర కట్టని బజారు ముందు నిలబడి నిలవ గుణం పెంచమని ఎవరికి చెబుతాం? నాకు ఈ కష్టం మొత్తంలోకెల్లా మింగుడుపడని సంగతి ఇదే. పొటాష్, గంధకం సరిపడా వేస్తే గడ్డ గట్టిపడుతుంది, ఘాటు పెరుగుతుంది, నిలవ ఉంటుంది. ఆ సంగతి తెలిసిన రైతులు ఉన్నారు. ఖర్చు తమది, లాభం రెండు నెలల తర్వాత అమ్ముకునేవాడిది అయినప్పుడు వాళ్లు మాత్రం ఎందుకు వేస్తారు?

నీటి సంగతీ అంతే. పీకడానికి పది, పదిహేను రోజుల ముందే తడి ఆపాలి. అప్పుడు వేర్లు ఎండుతాయి, మొక్కకు పక్వానికి రమ్మన్న సంకేతం అందుతుంది. ఆఖరి తడి ఆలస్యం చేస్తే గడ్డ నీళ్లు తాగి తూకం పెరుగుతుంది, పీకడానికి నేల కూడా మెత్తగా ఉంటుంది, కూలీలు త్వరగా పని ముగిస్తారు. వేసవి పంటలోనైతే తడి ఆపడం రైతు చేతిలో ఉంటుంది. ఖరీఫ్‌లో బోరు ఆపినా ఆకాశం ఆగదు. కర్నూలు ప్రాంతంలో ఏడాదికి పడేది సుమారు 670 మిల్లీమీటర్ల వాన. కరువు సీమ అని పేరుపడ్డ ఈ నేలలో, ఆ వానలో పెద్ద వాటా ఉల్లి పీకే సెప్టెంబరులోనే పడుతుంది.

వాన ఆగినా నల్లరేగడిలో నీరు ఇంకదు, నిలుస్తుంది. సాలుమడుల్లో, చదును చేలల్లో నీళ్లు నిలిచిన చోట ముందు వేర్లు నల్లబడతాయి. అందుకే ఎత్తు మడులు చేసి, రెండు పక్కలా కాలువలు తీసి, డ్రిప్‌తో నీరివ్వాలంటారు. నిజంగానే ఆ మడుల్లో కుళ్లు తక్కువ. విత్తనం వెదజల్లి పెంచే చేలల్లో మొక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటూ గుబురుగా లేస్తాయి. వాన వెలిసిన తర్వాత పొద్దున పది దాటినా ఆకుల మధ్య తడి ఆరదు. ఊదారంగు మచ్చ, ఆకులు మెలికలు తిరిగే తెగులు అక్కడే మొదలవుతాయి. తామర పురుగు గీకిన ఆకుల మీద మచ్చ తెగులు ఇంకా త్వరగా ఎక్కుతుంది. తెగులు సోకిన ఆకు కింద ఏముందో ముందే చెప్పాను: దాని పొర. ఆకు మందంగా మైనం పూసినట్టు ఉంటుంది కనుక కొట్టిన మందు జారిపోతుంది. అంటుకునే ద్రావణం కలపకుండా కొట్టిన పిచికారీలో చాలా భాగం నేలపాలే. వారానికోసారి మందు కొట్టి కూడా పంట పోగొట్టుకున్న రైతుకు, దుకాణంలో ఆ ఒక్క ముక్క చెప్పినవాళ్లు ఉండరు.

ఇప్పుడు అసలైన ముడి. వేసవిలో తీసే రబీ ఉల్లి దానంతటదే కాడలు వాలుస్తుంది. చేలో సగం కాడలు వాలగానే పీకవచ్చని గుర్తు. ఖరీఫ్ ఉల్లి అలా వాలదు. వాన చెమ్మలో, మబ్బుల కింద ఆకు పచ్చగా నిలబడే ఉంటుంది, లోపల గడ్డ మాత్రం తయారైపోతుంది. ఆకు కాస్త పసుపు తిరిగి, గడ్డకు ఎర్రరంగు పట్టిందంటే అదే గుర్తు అనుకోవాలి. పీకడానికి ముందు ఖాళీ డ్రమ్మును మడుల మీద దొర్లించి మెడలు విరచాలి. విరిగిన మెడ నాలుగు రోజుల్లో వాడి, ఎండడం మొదలుపెడుతుంది. మహారాష్ట్రలో ఈ పద్ధతి వాడుకలో ఉంది. మన వైపు దీన్ని చేసేవాళ్లు తక్కువ. యార్డులో రేటు బాగుందని కబురు వస్తే పచ్చి కాడతోనే పీకేస్తారు, రేటు పడిపోతోందన్నా పచ్చి కాడతోనే పీకేస్తారు. భయానికీ ఆశకూ ఫలితం ఒకటే.

పీకిన తర్వాత మూడు నుంచి ఐదు రోజులు చేలోనే ఆరాలి. కుప్ప పోయకూడదు. వరుసగా పరిచి, ఒక వరుస కాడలు ముందు వరుస గడ్డల మీద కప్పి ఉండేలా పెట్టాలి. గడ్డకు ఎండ తగిలితే పొట్టు కమిలి, ఆ మచ్చ దగ్గరే కుళ్లు ఎక్కుతుంది. ఆరాక కాడను మెడకు అంగుళం పైన కోయాలి. మరీ కిందికి కోస్తే గడ్డ మీద పచ్చి గాయం. తర్వాత నీడలో, గాలి ఆడే చోట ఇంకో పది, పన్నెండు రోజులు. ఈ దశలో గడ్డ బరువు తగ్గుతుంది. రైతుకు కళ్లముందు నష్టంగా కనిపించేది ఇక్కడే. కానీ పోయేది నీరు. మిగిలేది మెడ బిగిసిన, పైపొట్టు కాగితంలా గలగలమనే గడ్డ.

ఇదంతా పుస్తకం. సెప్టెంబరులో దేవనకొండ పక్క చేలో జరిగేది వేరు. పొద్దున పీకి పరుస్తారు, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది. ఇంటిల్లిపాదీ పరుగెత్తి గడ్డలను కుప్పగా లాగి పట్టా కప్పుతారు. రాత్రంతా వాన. గడ్డ బతికున్న వస్తువు, ఊపిరి తీస్తుంది, వేడినీ ఆవిరినీ వదులుతుంది. ఆ ఆవిరి పట్టా లోపలివైపు చుక్కలు కట్టి మళ్లీ గడ్డల మీదే రాలుతుంది. వానకు తడవకుండా కప్పిన పట్టా కిందే రాశి తడుస్తుంది. తెల్లారి ఎండ కాస్తే పట్టా తీసి పరవాలి, మళ్లీ సాయంత్రం కప్పాలి. రెండు మూడు సార్లు ఇట్లా ఎత్తి దించేసరికి ప్రతి గడ్డకూ ఎక్కడో ఒక చోట దెబ్బ. ఆ పట్టాను రాశికి అంటుకునేలా కప్పకుండా, కర్రలు పాతి గుడారంలా, రెండు కొసలా గాలి దూరేట్టు కడితే నష్టం చాలావరకు తగ్గుతుంది. ఉరుముల మధ్య చీకట్లో పరుగెత్తేవాళ్లకు కర్రలు పాతే తీరిక ఉండదు కనుక ఆ కర్రలు పీకడానికి ముందు రోజే పాతి ఉండాలి.

కాడలు కోసేది ఆడవాళ్లు. కుప్ప చుట్టూ పీటల మీదో, మడిచిన గోనెసంచుల మీదో కూర్చుంటారు. ఎడమ చేత్తో గడ్డ, కుడి చేత్తో కొడవలి. గడ్డ తీయడం, కాడ తెగడం, గడ్డ పక్కకు పడడం, అంతా ఒకే ఊపు. పనికి బస్తా లెక్కన కూలి కడితే ఆ ఊపు ఇంకా పెరుగుతుంది. అంగుళం మెడ వదలాలంటే ఒక క్షణం చూసి కోయాలి. బస్తా లెక్కలో ఆ క్షణానికి విలువ లేదు. పచ్చి కాడ కోసిన కొడవలికి రసం అంటి ఉంటుంది. కుళ్లిన గడ్డ తెగిన కొడవలే వెంటనే మంచి గడ్డను కోస్తుంది, బాక్టీరియాకు అంతకన్నా మంచి దారి ఏం కావాలి. కుళ్లినవి ముందే ఏరి పక్కన పెట్టడానికి ఒక మనిషిని కేటాయించి, కోసేవాళ్లకు రోజుకూలి ఇస్తే ఖర్చు కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెం పెరిగే ఖర్చుకు రైతు దగ్గర ఆ రోజు డబ్బుండదు. కూలి డబ్బు కమీషన్ ఏజెంటు దగ్గర అప్పుగా వచ్చిందే, ఆ ఏజెంటుకే సరుకు వేయాలి.

యార్డులో రాశి పోశాక జరిగే మాటలు ఈ జిల్లాలో అందరికీ తెలిసినవే. కొనేవాడు వంగి, రాశి లోపలికి చెయ్యి పెట్టి ఒక గడ్డ తీస్తాడు. బొటనవేలితో మెడ దగ్గర ఒత్తుతాడు.

"మెత్తగుంది కదన్నా, తాడేపల్లిగూడెం చేరేలోపే కారిపోతాది."

"వానలో ఏం చేసేదన్నా, ఉండే పట్టాలన్నీ కప్పినాము."

రేటు అక్కడే తెగిపోతుంది. కొనేవాడి మాట అబద్ధమని కొట్టిపారెయ్యలేం. కర్నూలు సరుకు తాడేపల్లిగూడెం మార్కెట్‌కూ, హైదరాబాద్ మలక్‌పేటకూ, అక్కడి నుంచి ఇంకా పైకీ పోవాలి. లారీలో ఒకదాని మీద ఒకటి పేర్చిన సంచుల్లో అడుగువి నలుగుతాయి. ఒక సంచిలో నాలుగు గడ్డలు కారితే ఆ రసం కింది సంచుల్లోకి దిగుతుంది. గడ్డలో ఉన్న మెత్తదనాన్ని బట్టి అతను ధర తగ్గిస్తాడు. తేడా ఏమిటంటే, గట్టి గడ్డ తెచ్చిన రోజున ఆ మెడను ఒత్తి చూసి ధర పెంచేవాడు మాత్రం లేడు.

మహారాష్ట్రను చూసి నేర్చుకోమంటారు. నేర్చుకోవాల్సిందే, కానీ సరిగ్గా దేన్ని? నాసిక్ ప్రాంతంలో రైతులు ఇంటి పక్కనే కాందా చాళ్ అనే కొట్టాలు కడతారు. నేలకు అడుగున్నర, రెండడుగుల ఎత్తున చెక్కలతో అరుగు, పక్కలకు సందులున్న వెదురు తడకలు, పైన కప్పు. అడుగు నుంచీ పక్కల నుంచీ గాలి ఆడుతుంది. నాలుగైదు అడుగులకు మించి రాశి పొయ్యరు. ఇట్లాంటి 25 టన్నుల కొట్టానికి ఉద్యానశాఖ పథకాల్లో సగం సబ్సిడీ ఇస్తూ వచ్చారు. అయితే ఆ కొట్టాల్లో పోసేది ఏప్రిల్, మే నెలల్లో మండుటెండలో ఎండి, మెడ బిగిసిన రబీ ఉల్లి. భీమా శక్తి, భీమా కిరణ్, అగ్రిఫౌండ్ లైట్ రెడ్ వంటి రబీ రకాలు అట్లా నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తాయి. దేశంలో పండే ఉల్లిలో మూడింట రెండొంతులు రబీదే, కేంద్రం కొని దాచే నిల్వలు కూడా అవే. 2025లో 3 లక్షల టన్నులు కొనాలని పెట్టుకుంది. అంత అనువైన ఉల్లికే మామూలు కొట్టాల్లో నాలుగు నెలలు దాటేసరికి 30 నుంచి 40 శాతం తరుగు పోతుందని లెక్క. అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53, భీమా సూపర్ లాంటి ఖరీఫ్ రకాలు చక్కగా ఆరబెట్టినా నెలా రెండు నెలలకు మించి ఆగవు. కొట్టం అదే కావచ్చు, లోపల పోసే గడ్డ అది కాదు.

కొత్త యంత్రాల మాటా వినబడుతోంది. నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో 2002 నుంచి అణుశక్తి సంస్థ నెలకొల్పిన రేడియేషన్ కేంద్రం ఉంది. తక్కువ మోతాదు కిరణాలు గడ్డను మొలకెత్తకుండా ఆపుతాయి. మొలకను ఆపుతాయి, అంతకుముందే లోపల చేరిన కుళ్లును ఆపవు. శీతల గిడ్డంగిలో సున్నా డిగ్రీల దగ్గర ఉంచితే కుళ్లు నెమ్మదిస్తుంది. కానీ కరెంటు ఖర్చుకు తోడు, బయటకు తీసిన క్షణం నుంచి గడ్డ చెమర్చి త్వరగా చెడుతుంది. పది వేలు పలికే ఏడాదికి ఆ లెక్క సరిపోతుందేమో, ఆరు వందలు పలికే ఏడాదికి సరిపోదు.

కర్నూలుకు ముందు కావాల్సింది దాచే గోదాము కాదు, ఆరబెట్టే కప్పు. నాలుగు ఊళ్లకు ఒకటి చొప్పున, పక్కలు తెరిచి ఉన్న రేకుల కప్పు, కింద గాలి దూరే అరలు, పెద్ద ఫ్యాన్లు, కరెంటు పోతే నడిచే జనరేటరు. పీకిన పంటను వానలో కుప్ప వేయకుండా అక్కడ పదిరోజులు పరచగలిగితే చాలు. మెడ బిగిసిన గడ్డకు ఇంకో ఇరవై, ముప్పై రోజుల ఆయుష్షు కలుస్తుంది. ఆరు నెలలు దాచుకోమని ఇక్కడి రైతును ఊరించడం అన్యాయం. ఒక నెల ఆగే శక్తి ఇస్తే, యార్డు మీద ఒకేసారి పడే వేల బస్తాలు నాలుగు వారాల్లోకి సర్దుకుంటాయి. ధాన్యానికి కల్లాలు కట్టించిన ప్రభుత్వాలకు ఇది అందని పని కాదు. 2025లో హెక్టారుకు ప్రకటించిన 50 వేల సాయం అవసరమే. కానీ ఆ డబ్బుతో వచ్చే సెప్టెంబరులో ఒక్క గడ్డ కూడా ఎక్కువ రోజులు ఆగదు.

రెండోది, పంటలో కొంత భాగాన్ని రబీకి మార్చడం. నవంబరు, డిసెంబరులలో నారు నాటి మార్చి, ఏప్రిల్‌లో తీస్తే కర్నూలు ఎండ కన్నా మంచి ఆరబెట్టే యంత్రం లేదు. అడ్డం నీరు. ఫిబ్రవరి దాటితే చాలా ఊళ్లలో బోర్లు వట్టిపోతాయి. కేసీ కాలువ కింద, తుంగభద్ర నీరందే చోట, హంద్రీ ఒడ్డున ఉన్న కొన్ని ఊళ్లలో వీలుంటుంది. డ్రిప్ ఉన్నచోట ఇంకొంత వీలుంటుంది. అక్కడి రైతుకు నవంబరులోపు సరైన రబీ విత్తనం చేతికి అందాలి. ఖరీఫ్ సంచిలో మిగిలిన విత్తనాన్నే రబీలో చల్లితే పూతకాడలూ జంట గడ్డలూ వస్తాయి. పూతకాడ వచ్చిన గడ్డ మధ్యలో బోలు, అది నిలవకు పనికిరాదు. మూటల మీద ఒక పేరు, లోపల ఇంకో రకం ఉండే విత్తన వ్యాపారాన్ని ఆపకుండా ఏ సలహా ఇచ్చినా ఉపయోగం ఉండదు.

మూడోది యార్డులోనే మొదలు కావాలి. రాశి పక్కన బల్ల వేసి, ప్రతి లాటు నుంచి పది గడ్డలు నిలువుగా కోసి, మెడ ఎండిందా లేదా, లోపలి పొర బాగుందా లేదా చూసి, ఆ చీటీని వేలానికి ముందే రాశి మీద పెట్టాలి. ఎండిన మెడకు వేరే తరగతి, వేరే వేలం. ప్రభుత్వం మద్దతు ధరకు కొనే ఏడాదిలో కూడా అంతే. ఆరబెట్టి తెచ్చిన గడ్డకూ, నిన్న వానలో పీకిన గడ్డకూ ఒకే 1,200 ఇస్తే, పదిరోజులు కష్టపడి ఆరబెట్టినవాడు తూకంలో పోగొట్టుకున్నదానికి పరిహారం లేనట్టే. అతను మరుసటి ఏడాది ఆరబెట్టడు.

ఈ మూడింటికీ పెద్ద పరిశోధన అక్కర్లేదు, తెలిసిన సంగతులే. మే నెలలో విత్తనం అమ్మకాలు మొదలవుతాయి, జూన్‌లో మొదటి తడి, ఆగస్టులో వాన వెలిసిన మర్నాడు యూరియా బస్తా కోసం క్యూ. ఆ క్యూలో నిలబడ్డ రైతు దగ్గరికి రైతు సేవా కేంద్రం నుంచి ఒక మనిషి వెళ్లి చేను వయసు అడగాలి. నాటి 45 రోజులు దాటి ఉంటే ఆ బస్తా బదులు పొటాష్ చేతికివ్వాలి. కర్రలూ గుడారం పట్టాలూ సబ్సిడీ మీద ఆగస్టు 15లోపు ఊరికి చేరాలి, అక్టోబరులో చేరితే అవి వచ్చే ఏడాదికి ఎలుకలు కొరికిన గుడ్డలే.